వైద్యుల సలహాకు వ్యతిరేకంగా

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళు ఊపిరితిత్తుల డాక్టరుగా పనిచేశాను. అందులో చివరి పదిహేడేళ్ళు ఐసీయూ బాధ్యత నాదే. నడుము దెబ్బతిని యాభై ఆరో ఏటే పని మానేశాను. కొత్తగా ఐసీయూల్లో డాక్టర్లుగా చేరుతున్న పిల్లలు కొందరు "మీ అనుభవాలు రాయండి సార్" అని అడుగుతున్నారు. వాళ్ళకు కావలసినవి బతికించిన కథలు. అవీ ఉన్నాయి. కట్లపాము కరిచి కనురెప్ప కూడా ఎత్తలేని కూలీ మనిషి ఆరు రోజుల తర్వాత లేచి కూర్చుని టీ అడగడం చూశాను. అలాంటివి చెప్పుకోవడానికి అందరూ ఉంటారు. నేను చెప్పదలచుకున్నది ఒక కాగితం సంగతి.

ఆ కాగితం ప్రతి ఐసీయూలోనూ ఉంటుంది. "వైద్యులు చికిత్స కొనసాగించాలని సలహా ఇచ్చినప్పటికీ, అందుకు వ్యతిరేకంగా, మా సొంత నిర్ణయంతో రోగిని తీసుకువెళ్తున్నాము. తర్వాత జరిగేదానికి ఆసుపత్రికి గానీ వైద్యులకు గానీ బాధ్యత లేదు." కింద సంతకం, చుట్టరికం, ఫోన్ నంబరు. చికిత్స మధ్యలో నిజంగానే మా మాట కాదని వెళ్ళిపోయేవాళ్ళ కోసం పుట్టిన కాగితం ఇది. నా ఐసీయూలో దాని మీద సంతకం పెట్టినవాళ్ళలో చాలామందిని తీసుకెళ్ళమన్నది నేనే. ఆ ముక్క మాత్రం ఏ కేస్ షీటులోనూ కనబడదు.

పెద్దాయన నేర్పిన పని

నాకు ఐసీయూ పని నేర్పిన పెద్ద డాక్టరుగారు చెయ్యి తిరిగిన మనిషి. ఆయన రోగి గొంతులోకి ఊపిరి గొట్టం వేస్తుంటే పక్కన నిలబడి చూడడమే ఒక చదువు. నేను చేరిన మొదటి ఏడాది, లివరు పూర్తిగా పోయిన ఒకాయన భార్యతో "ఇంక ఆపేద్దామమ్మా" అనేశాను. పెద్దాయన నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఏవయ్యా, ఆపేద్దాం అన్నావంట?"

"అవునండి. ఏం మిగల్లేదు కదండీ."

"మిగల్లేదని నాకూ తెలుసు. కానీ ఆ మాట నీ నోటితో అనకు. వాళ్ళ నోటితో అనిపించు. 'ఖచ్చితంగా చెప్పలేం, మీ ఇష్టం' అను. రెండు రోజులు పోనీ. వాళ్ళే తీసుకెళ్తామంటారు. సంతకం తీసుకో. రేపు నలుగురు మనుషులేసుకుని అద్దాలు పగలగొట్టడానికి ఎవడూ రాడు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన ముఖం మీద కుట్ల మచ్చ ఒకటుండేది, అలా మనుషులేసుకుని వచ్చినవాళ్ళు చేసిందే. బిల్లు కోసం మెషీన్ల మీద ఉంచుతారని జనం మమ్మల్ని తిడతారు. అలాంటివాళ్ళు లేరని నేనేమీ ప్రమాణం చెయ్యను. నేను చూసినంతలో డబ్బు కంటే పెద్ద రోగం భయం. మా భయానికి వాడిన మందు ఆ కాగితం. మింగినవాళ్ళు మాత్రం రోగి తాలూకు మనుషులు.

ఎల్లుండి తొమ్మిదింటి దాకా

కోరుకొండ వైపు నుంచి ఎనభై దాటిన ఒక పెద్దాయనను తెచ్చారు. మెదడులో నరం చిట్లింది. ఇక తెలివి రాదు. నేను మామూలుగా "మీ ఇష్టం అండి" అని మొదలుపెట్టేసరికి పెద్ద కొడుకు అడ్డం వచ్చాడు.

"మాకు అర్థమైందండి. ఇంటికి తీసుకెళ్ళిపోతాం. నాన్నగారు పుట్టిన ఇల్లది, అక్కడే పోవాలి. కానీ ఇప్పుడు ధనిష్ఠా పంచకం నడుస్తోందండి. ఎల్లుండి పొద్దున్న తొమ్మిదింటికి అశ్విని వచ్చేస్తుంది. అప్పటిదాకా ఉంచండి చాలు."

ఆ అయిదు నక్షత్రాల్లో ఇంట్లో ప్రాణం పోతే ఇల్లు కొన్ని నెలలు పాడుపెట్టాలని మా వైపు గట్టి పట్టింపు. ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు, చంటిపిల్లలు, పాడి. ఎక్కడికి పోతారు? ఉంచాం. డ్యూటీ డాక్టర్ల గదిలో మాత్రం పడీ పడీ నవ్వుకున్నాం. "వెంటిలేటర్‌కి ముహూర్తం పెట్టారురా" అని నేనే అన్నాను. మూడో రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకు వాళ్ళు చెప్పినట్టే తీసుకెళ్ళారు.

ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఆ రోజు నా ఐసీయూలో పన్నెండు మంచాలున్నాయి. ఏ మెషీను ఎందుకు నడుస్తోందో, ఎప్పటిదాకా నడవాలో స్పష్టంగా తెలిసిన కుటుంబం ఆ ఒక్కటే. వాళ్ళ కారణం మాకు నచ్చకపోవచ్చు. కారణమంటూ ఒకటి ఉంది. మిగతా మంచాల దగ్గర అయిదారు మెషీన్లు తిరుగుతున్నది ఎందుకయ్యా అని నన్ను ఎవరైనా అడిగి ఉంటే, ఒక్కటే చెప్పగలిగేవాణ్ణి. ఆపమని చెప్పడానికి నాకు నోరు రాక తిరుగుతున్నాయంతే.

వెంకాయమ్మగారు

వెంకాయమ్మగారిది మండపేట దగ్గర ఒక పల్లె. డెబ్భై ఆరేళ్ళు. పొగాకు ముట్టని మనిషి. యాభై ఏళ్ళు కట్టెల పొయ్యి ఊది ఊది ఊపిరితిత్తులు అరగదీసుకున్నారు. రెండుసార్లు మా దగ్గర వెంటిలేటర్ ఎక్కి దిగారు. రెండోసారి గొట్టం తీసిన మర్నాడు, బొంగురు గొంతుతో నా చెయ్యి పట్టుకున్నారు.

"బాబూ, ఈసారి నేనొస్తే ఆ గొట్టం వెయ్యకు."

"మీరు మళ్ళీ ఎందుకొస్తారు లెండి" అని నవ్వేశాను.

"నవ్వకు. నా కూతురికీ చెప్పాను. నీకూ చెబుతున్నాను."

ఆ మాట కేస్ షీటులో రాయలేదు. ఒక వాక్యం. అర నిమిషం పని. పిల్లలూ, నా తప్పుల్లో మొదటిది ఇది. మనిషి తెలివిగా, నోరు తెరిచి, తనకేం కావాలో డాక్టరుకి చెప్పింది. నేను దాన్ని ముసలావిడ బెంగ కింద జమకట్టాను.

మూడోసారి ఎగశ్వాసతో వచ్చారు. నేను ఊళ్ళో లేను. కేస్ షీటులో ఏమీ లేదు కాబట్టి డ్యూటీ డాక్టరు గొట్టం వేశాడు. అతని తప్పేమీ లేదు. రెండో రోజు గుండె ఆగింది, ఛాతీ నొక్కి మళ్ళీ కొట్టుకునేలా చేశారు. మెదడు మాత్రం తిరిగి రాలేదు. తర్వాత కిడ్నీలు ఆగాయి. నాలుగో రోజు ఉదయం పరీక్ష చేసి చూసినప్పుడే ఇక ఈమె కళ్ళు తెరవదని నాకు తెలుసు. ఆ సంగతి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు.

ఆమెకు ఇద్దరు పిల్లలు. కూతురు పద్మ, ఊళ్ళోనే ప్రభుత్వ బడిలో టీచరు. తల్లిని చూసుకునేది ఆవిడే. కొడుకు రామకృష్ణకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. రోజూ సాయంత్రం బండి వేసుకుని వచ్చి వెళ్ళేవాడు. తల్లంటే ప్రాణం. మాట పెద్దది, కోపం దానికంటే పెద్దది. ఒకరోజు వార్డు కుర్రాడు లోపలికి వెళ్ళనివ్వలేదని వరండాలో కుర్చీ విసిరేశాడు.

ఎనిమిదో రోజు రామకృష్ణ మధ్యాహ్నమే వచ్చాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఐసీయూ బయట నా ముందే మాట్లాడుకున్నారు.

"మా చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ ఆగిందనుకోండి డాక్టరుగారూ, గంటలో రొయ్య మొత్తం తేలిపోద్ది. తిరుగుతున్నంతసేపూ భయం లేదు. మా అమ్మకీ అంతే. మీరు తిప్పుతూ ఉండండి" అన్నాడు రామకృష్ణ.

"రొయ్య తేలిపోయాక కూడా తిప్పుతావా అన్నయ్యా?" అంది పద్మ.

అతని ముఖం నల్లబడిపోయింది. "అమ్మని పట్టుకుని ఏం మాటే అది! నీకు సెలవలు అయిపోయాయనా?"

"నా సెలవల సంగతి తర్వాత. అమ్మ వద్దన్న గొట్టంతో తొమ్మిదో రోజు తెల్లారబోతోంది. డాక్టరుగారూ, మీరు చెప్పండి. అమ్మ లేస్తుందా, లేవదా?"

ఇద్దరూ నా వంక చూశారు. ఒక్క మాట చాలు. "లేవరు" అంటే చాలు. "రిపోర్టులు రానివ్వండి, చూద్దాం" అని లోపలికి వెళ్ళిపోయాను.

ఇద్దరికి రెండు మాటలు

ఆ సాయంత్రం రామకృష్ణ వెళ్ళిపోయాక పద్మను ఒక్కదాన్నే కౌన్సెలింగ్ గదికి పిలిచాను. "ఇంక లాభం లేదమ్మా. నాలుగో రోజు నుంచీ లేదు. తీసుకెళ్ళిపోండి. అమ్మగారు కోరుకున్నదీ అదే కదా" అన్నాను. ఆవిడ ఏడవలేదు. "అన్నయ్యతో కూడా మీరే చెప్పండి. నేను చెబితే నమ్మడు" అంది. సరే అన్నాను.

గంట తర్వాత రామకృష్ణ ఫోన్ చేశాడు. వెనక ఏరేటర్ల హోరు. గట్టిగా అడిగాడు: "ఎలా ఉందండీ అమ్మకి?" నాకు వరండాలో విసిరిన కుర్చీ కళ్ళముందు కనబడింది. "మేం చేసేది చేస్తున్నామండి. ఇంకో ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం" అన్నాను.

ఒకే రోగి, ఒకే సాయంత్రం, ఒకే డాక్టరు. చెల్లెలికి ఒక మాట, అన్నకి ఇంకో మాట.

మర్నాడు పొద్దున్న, అన్నకి నేను చెప్పేశాననే అనుకుంటున్న పద్మ ముందు ఆ కాగితం పెట్టారు. ఎవరూ చదవరు దాన్ని. ఆవిడ టీచరు, మొత్తం చదివింది.

"డాక్టరుగారూ, తీసుకెళ్ళమన్నది మీరు కదండీ. ఇందులో మీరు వద్దంటే నేను తీసుకెళ్తున్నట్టు ఉందేంటండీ?"

"అది ఫార్మాలిటీ అమ్మా. అందరూ పెట్టేదే."

"అబద్ధం కదండీ ఇది?"

"అంబులెన్స్ వచ్చేసిందమ్మా" అన్నాను.

సంతకం పెట్టింది.

ఇందులో ఇంకో దుర్మార్గం ఉంది. ఆయాసం తెలియకుండా ప్రశాంతంగా పోవడానికి మందులున్నాయి. ఎలా ఇవ్వాలో నేర్పి, మందు చేతికిచ్చి, నర్సును తోడు పంపవచ్చు. కానీ మా సలహాకు వ్యతిరేకంగా వెళ్ళిపోతున్న మనిషికి మందుల చీటీ ఎలా రాస్తాం? రాస్తే మా సలహాతోనే వెళ్ళినట్టు కదా. అందుకని రాయలేదు. అంబులెన్స్‌తో వెళ్ళిన మా అటెండెంటు చేత్తో గాలి సంచి నొక్కుకుంటూ వెళ్ళి, ఇంటి దగ్గర మంచం మీద దించి, గొట్టం తీసి, తిరిగొచ్చేశాడు. వెంకాయమ్మగారు తర్వాత ముప్పావుగంట ఎగశ్వాస పీల్చారు. పద్మ పక్కన కూర్చుని చూసింది. రామకృష్ణ వచ్చేసరికి అంతా అయిపోయింది.

నిర్వచనం అంటే

పని మానేసిన కొన్నాళ్ళకు కుర్ర డాక్టర్ల సమావేశంలో మాట్లాడమన్నారు. విషయం: వృథా చికిత్సను నిర్వచించడం ఎలా? నూటికి ఎంత అవకాశం ఉంటే వృథా కాదు, ఎన్ని అవయవాలు పోతే వృథా అని రెండు గంటలు వాదించుకున్నారు. నేనూ ఒక నిర్వచనం చెప్పాను. ఇప్పటికీ అది తప్పని అనుకోను.

ఏ చికిత్సా ఊరికే వృథా కాదు. ఫలానా దానికి వృథా. గాలి లోపలికీ బయటికీ ఆడించడమే కావాలంటే వెంటిలేటర్ దాదాపు ఎప్పుడూ వృథా కాదు. కోరుకొండ పెద్దాయనకు రెండు రోజులు కావాలి, రెండు రోజులు ఇచ్చింది. వెంకాయమ్మగారు లేచి కూతురి చేతి కాఫీ తాగాలంటే మాత్రం నాలుగో రోజు నుంచీ అది వృథా. కాబట్టి దేనికోసం అన్నది రోగి చెప్పాలి, నోరు లేనప్పుడు ఆ మనసు తెలిసినవాళ్ళు చెప్పాలి. అది జరుగుతుందా జరగదా అన్నది డాక్టరు చెప్పాలి. మన వంతు మాట వాళ్ళ మీదకి నెట్టి, దానికి "మీ ఇష్టం" అని మర్యాద పేరు పెట్టడం దగా.

చప్పట్లు కొట్టారు. బయటికి వస్తుంటే, ఒకప్పుడు మా ఐసీయూలో పనిచేసిన కరుణ సిస్టర్ ఎదురొచ్చింది. ఆవిడది పద్మ వాళ్ళ ఊరే.

"నిర్వచనం బాగా చెప్పారండి. పద్మ టీచరుగారికి కూడా చెప్పారా?"

"ఏ పద్మ?"

అలా అడిగాను. నాకు నిజంగానే గుర్తు రాలేదు.

కరుణ చెప్పింది. తల్లి పోయిన వారానికి రామకృష్ణ ఆసుపత్రికి వెళ్ళి కేస్ షీటు కాపీ తీసుకున్నాడు. పెద్ద కార్యం రోజున భోజనాల దగ్గర, బంధువులందరి ముందూ ఆ కాగితం పైకి చదివాడు. "డాక్టర్లు వద్దంటే తీసుకొచ్చి చంపింది. నాతో ఫోన్లో ఇరవై నాలుగు గంటలు చూద్దామన్నారు వాళ్ళు." "రొయ్య తేలిపోయాక" అని పద్మ అన్న మాట కూడా చెప్పాడు. అప్పటి నుంచి నాలుగేళ్ళుగా అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. తల్లి తద్దినానికి ఆవిడకు పిలుపు లేదు. ఊళ్ళో కొందరు ఇప్పటికీ ఆవిడ వెనక ఏదో అంటారు.

నా నిర్వచనంలో ఆ నాలుగేళ్ళు లేవు.

చెప్పవలసిన చోట

పద్మ ఇంటికి వెళ్ళాను. బడి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేతికి సుద్ద మరకలున్నాయి. గుర్తుపట్టింది. కూర్చోమంది. మంచినీళ్ళు ఇచ్చింది. మర్యాదకు లోటు చెయ్యలేదు.

"తప్పు నాదమ్మా. ఆ కాగితం అబద్ధం" అన్నాను.

"అది నాకు తెలుసు కదండీ. నాకు చెప్పడానికి ఇంత దూరం వచ్చారేంటి? తెలియనివాళ్ళకి చెప్పండి."

"క్షమించమని అడగడానికి..."

"అది తర్వాత చూద్దాం. వచ్చే బుధవారం అమ్మ తద్దినం. అన్నయ్య ఇక్కడే పెడతాడు, పాత ఇంట్లో. ఆ రోజు కాగితం విన్నవాళ్ళు చాలామంది వస్తారు."

మర్నాడు భీమవరం వెళ్ళాను. రామకృష్ణ చెరువు గట్టు మీద మేత బస్తాలు దింపిస్తున్నాడు. మొత్తం చెప్పాను. నాలుగో రోజు సంగతి, తల్లి నాతో అన్న మాట, చెల్లెలికి చెప్పింది, అతనికి చెప్పింది.

"అయితే ఫోన్లో నాతో అన్నది అబద్ధం."

"అవునండి."

"కాగితమూ అబద్ధమే."

"అవును."

"ఎందుకండీ?"

"మీకు భయపడి."

నన్ను కొడతాడనుకున్నాను. మేత బస్తా మీద కూర్చుండిపోయాడు. "నిజం చెప్పుంటే నేను ఒప్పుకునేవాణ్ణా?" అన్నాడు.

"తెలీదండి."

"నాకూ తెలీదు. అది తెలుసుకునే రాత కూడా లేకుండా చేశారు మీరు. నాలుగేళ్ళు మా చెల్లి గుమ్మం తొక్కలేదండి నేను. డాక్టరుగారు రాశారు కదా అని. చదువుకున్నవాళ్ళు రాశారు కదా అని!" లేచాడు. "ఆ కాగితం నేను చదివాను. ఈ నిజం బుధవారం మీరొచ్చి అదే జనం ముందు చదవండి."

బుధవారం వెళ్ళాను. జరిగింది ఒక పేజీలో రాసుకుని వెళ్ళాను. భోజనాలకు ముందు, అరుగు మీదా హాల్లోనూ కూర్చున్న ముప్ఫై నలభై మంది ముందు రామకృష్ణ నన్ను నిలబెట్టాడు. పద్మ వచ్చింది. గడప లోపల గోడకు ఆనుకుని నిలబడింది. అన్న పిలిచాడో, తనే వచ్చిందో నేను అడగలేదు.

చదివాను. "వెంకాయమ్మగారు మళ్ళీ గొట్టం వెయ్యవద్దని ముందే కోరారు. చికిత్స వల్ల ఇక ప్రయోజనం లేదని వైద్యులు నాలుగో రోజునే నిర్ధారించారు. వైద్యుల సలహా మేరకే కుటుంబ సభ్యులు ఆమెను ఇంటికి తీసుకువెళ్ళారు. ఆసుపత్రి పత్రంలో ఉన్నది వాస్తవం కాదు."

ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు. పద్మ నా దగ్గరికి వచ్చి, చెయ్యి చాపి ఆ పేజీ తీసుకుని చూసింది.

"వైద్యులు అంటే ఎవరండీ? ఆ గదిలో ఉన్నది మీరూ నేనే కదా."

"అవునమ్మా."

"కుటుంబ సభ్యులు ఎవరు? సంతకం నేనొక్కదాన్నే పెట్టాను."

నా జేబులోంచి పెన్ను తీశాను. అక్కడే, తలుపుకి కాగితం ఆనించి, ఆ మాటలు కొట్టేసి నా పేరు, ఆవిడ పేరు రాశాను. అమ్మ కోరింది ఎవరిని అని అడిగింది. "నన్ను" అని చేర్చాను.

ఆవిడ పేజీ తిరిగి నా చేతికిచ్చింది.

"ఇప్పుడు చదవండి. మా పెద్దమ్మకి వినబడదు, కాస్త గట్టిగా."